అనుమతి యడుగుటకు 18 నెలలు

2025 నవంబరులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టపు నియమావళి వెలువడిన నాటినుండి మన వర్తకలోకమునకు వినియోగదారుని గోప్యత హఠాత్తుగా ఇలవేల్పయినది. ఏ యాప్ తెరచినను, ఏ కంపెనీవారి సందేశము విప్పినను, 'మీ గోప్యత మాకు ప్రాణప్రదము' అను మంగళవాక్యమే ఎదురగుచున్నది. ఇంతకాలము మన పుట్టినదినమును, ఇంటి చిరునామాను, ఫోనులో దాచుకొన్న బంధుమిత్రుల నంబర్లను సైతము నిస్సంకోచముగా ఆరగించినవారికి ఈ వైరాగ్యోదయ మెట్లు కలిగినదా యని ఆశ్చర్యపడ నక్కరలేదు. 250 కోట్ల రూపాయల వరకు జరిమానా యని చట్టము పలికినచో ఎంతటి లోభికైనను తత్త్వజ్ఞానము కలుగును.

ఐనను ఈ మహనీయుల కొక కష్టము వచ్చిపడినది. ఏ వివరము ఏ పనికి కావలెనో మనకు తెలిసిన భాషలో చెప్పి, మన సమ్మతిని స్పష్టముగా అడుగవలెనట. పని తీరినపిదప దానిని చెరిపివేయవలెనట. ఇట్టి దుష్కరకార్యమునకు సన్నద్ధులగుటకు వారికి 18 నెలల గడువీయబడినది. తీసికొనుటకు తృటికాలము చాలినవారికి అడుగుటకు ఏడాదిన్నర కావలసివచ్చినది!

అన్నిటికంటె నాకు కంటగింపుగా నున్నది సూపర్ మార్కెట్టులోని బిల్లు కౌంటరు. ఒక సబ్బుబిళ్లయు, అరకిలో కందిపప్పును కొని, రొక్కము చేతబట్టుకొని నిలిచినవానిని ఆ కౌంటరులోని కుఱ్ఱవాడు తలయైన నెత్తక 'నంబరు చెప్పండి సార్' అనును. ధర యెంత యని మన మడుగుటకు ముందే నంబరెంత యని వా రడుగుదురు. ఎందుకు నాయనా యన్నచో, 'సిస్టం తీసుకోదు సార్' అని సమాధానము. కందిపప్పు ఉడుకుటకు నా ఫోను నంబరుతో నిమిత్త మేమని వాదించి ప్రయోజనము లేదు. ఆ కుఱ్ఱవాడు జీతగాడు, పాపము, సిస్టమును సృష్టించిన వేధ మరియొకడు.

ఇంతలో వెనుక వరుసలోనివారు విసుగుకొన మొదలిడుదురు. ఆ విసుగే వర్తకుని ఆయుధము. సిగ్గుపడి మనము పది యంకెలను, చుట్టునున్న అపరిచితులందఱికిని వినబడునట్లు, బడిపిల్లవానివలె బిగ్గరగా ఒప్పగించి బయటపడుదుము. దీనినే వారి పత్రములలో 'స్వేచ్ఛాపూర్వక సమ్మతి' యందురు. మఱునాటినుండి ఎవరు చెప్పిరో గాని, విల్లాల వెంచరువారికి, పర్సనల్ లోన్ ఇచ్చువారికి, మనయందు అవ్యాజమైన వాత్సల్యము పుట్టును.

నంబరు చెప్పినగాని అమ్మమనుట అనుచిత వ్యాపారపద్ధతి యని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 మే నెలలోనే దుకాణదారులకు హితవు చెప్పినది. ఆ హితవు ఏ గల్లాపెట్టె యడుగున నిద్రించుచున్నదో!

చీరలు చూచుచున్న స్త్రీలను వారెఱుగకయే రీలులో కెక్కించి ఇన్‌స్టాగ్రాములో ప్రచారము చేసికొను వస్త్రదుకాణముల సంగతియు, సీసీ కెమెరాలో కనబడినవానిని విచారణ లేకయే దొంగయని వాట్సాప్ గ్రూపులలో చాటు షాపుల సంగతియు ఇక చెప్పనేల?

వర్తకుని మాత్రమే నిందించి ఊరకుండుట న్యాయము కాదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పినది 2017 ఆగస్టు 24న. చట్టము వచ్చుటకు ఆరేండ్లు, నియమములకు మఱి రెండేండ్లు, వర్తకుని కట్టడిచేయు భాగములు అమలగుటకు ఇంకొక ఏడాదిన్నర. కాని అదే చట్టములో సమాచారహక్కును కత్తిరించు భాగమునకు గడువు ఒక్కదినమైనను లేదు. అది ఆ నవంబరులోనే అమలులోనికి వచ్చినది. వ్యక్తిగత సమాచార మను ఒక్కమాటతో పౌరుని అర్జీని త్రోసిపుచ్చుటకు అధికారికి తక్షణమే వీలు కల్పించి, పౌరుని వివరములు దోచినవానిని ఏడాదిన్నర ఓపికపట్టి చూడుడనుట సిగ్గులేని పని.

ఆ 250 కోట్లలోనైనను మనకు దక్కున దేమి? మన వివరములు వీథిపాలైనచో వసూలగు జరిమానా యంతయు ప్రభుత్వ ఖజానాకే చేరును. నష్టపోయినవానికి రూపాయి రాదు. పాత ఐటీ చట్టములోని 43ఏ సెక్షను పరిహార మడుగుటకు ఒక దారి యుంచినది. కొత్త చట్టము దానిని తొలగించుచున్నది. బాధితుడు చేసిన ఫిర్యాదు అసత్యమనియో, పసలేనిదనియో తేలినచో మాత్రము అతనికి 10,000 రూపాయల వరకు జరిమానా. దోపిడికి గురియైనవాడు ఆచితూచి మాటాడవలెను గాబోలు!

గడువు 2027 మే నెలలో తీరును. అంతవరకు ఫిర్యాదులు వినవలసిన బోర్డైనను మన తరఫున కౌంటరు ముందు నిలువబోదు. కావున చదువరులారా, నంబరు చెప్పకుడు, రొక్కమిచ్చి బిల్లడుగుడు, ఈయమన్నచో సరకు అక్కడనే విడిచి వెడలుడు. వరుసలో ముందున్నవా డట్లు చేయుచున్నపుడు, దయయుంచి, వెనుకనుండి విసుగుకొనకుడు.