అర్ధరాత్రి తలుపు కొట్టని బ్రాంచి

మా బావమరిది కొడుకు ఎంబీబీఎస్ పూర్తిచేశాడు. ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. "ఇంకా పీజీ కాలేదండీ" అంటారు, పిల్లాడు అక్షరాభ్యాసం దగ్గరే ఆగిపోయినట్టు.

మొన్న పెళ్లిళ్ల పేరయ్య వచ్చి నోటుపుస్తకం తీశాడు. నక్షత్రం, గోత్రం పక్కన "బ్రాంచి" అని కొత్త గడి గీసి ఉంది.

"రేడియాలజీ అయితే రేపే ఖాయం చేస్తాను సార్. చర్మం డాక్టరైనా బంగారమే, అర్ధరాత్రి మొటిమ పట్టుకుని ఎవడూ తలుపు కొట్టడు. గైనిక్ అంటే కష్టం. సిజేరియన్‌కి ముహూర్తం మేమే పెడతాం గానీ, నార్మల్ కాన్పు మా మాట వినదు."

"మరి అనాటమీ?"

"పిల్ల తండ్రికి ఏమని చెప్పను సార్, శవాల డాక్టరనా?"

పేరయ్యనేం తప్పుబడతాం? సర్కారు దగ్గరా అదే జాబితా. ఏటా పీజీ సీట్లు మిగిలిపోతాయి, అందులో అనాటమీ, ఫిజియాలజీ లాంటివే ఎక్కువ. 2023 నీట్ పీజీలో 800 మార్కులకు జనరల్ కటాఫ్ 291. సీట్లు నిండలేదు. సెప్టెంబరులో కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కి దించారు. అంటే మైనస్ 40 వచ్చినా అర్హుడే! తప్పు జవాబుకు ఒక మార్కు కోస్తారు కదా, మౌస్ ముట్టుకోకుండా హాల్లో కునుకు తీసినవాడు ఆ మైనస్ నలభై గారికంటే 40 మార్కులు ముందున్నట్టు. అందరూ ఎంబీబీఎస్ పాసైనవాళ్లే, పరీక్ష వరస తేల్చడానికేనంటారు. సరే, మరి ఆ 291 ఎవరిని ఆపడానికి పెట్టినట్టు?

ఉండబట్టలేక పేరయ్యకి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెప్పాను. మద్రాసులో ఖద్దరు వేసుకున్నందుకు దొర ప్రొఫెసరుకి కోపం వచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ దక్కింది. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలే చెప్పుకున్నారు. తర్వాత హార్వర్డ్ వెళ్లి, కండరాల్ని కదిలించే ఏటీపీ సంగతి తేల్చినవారిలో ఒకరయ్యారు. గర్భిణులు వేసుకునే ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారుచేసిన బృందాన్ని నడిపిందీ ఆయనే.

పేరయ్య కళ్లు మెరిశాయి. "అమెరికానా! గ్రీన్‌కార్డు వచ్చిందా సార్?"

"చనిపోయేదాకా రాలేదు."

పేరయ్య నోటుపుస్తకం మూసి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కున్నాడు.