ఒక సీసీ పద్యమునకు టీకా తాత్పర్యము

మూలము (ఆటవెలది)

పాత బండిలోన భారి యింజను వెట్టి
చైను మాట మరచి సాగెనేని
యురుకగలదు గాని యూరిలో నాగదు
ఆర్సిలోని సీసి యనృతమగును

అవతారిక: 350 బుల్లెట్టు గల యజమాని దానితో తృప్తిపడక, 500 ఇంజనును అదే చట్రమున ఎక్కింపగా కలుగు ఫలమును షెడ్డు కవి చెప్పుచున్నాడు. సీసీలను గూర్చిన పద్యము సీసమున నడువకుండుట లోపమని కొందరందురు గాని, పెద్ద భారమును చిన్న చట్రమున నిలుపుటయే ప్రస్తుత విషయము గనుక ఆటవెలదియే తగినది.

ప్రతిపదార్థము: పాత బండిలోన = పోత ఇనుప సిలిండరు గల 350 బుల్లెట్టునందు; భారి యింజను వెట్టి = 500 ఇంజనును ఎక్కించి; చైను మాట మరచి = తక్కిన భాగముల ఊసెత్తక; సాగెనేని = రోడ్డెక్కినచో; ఉరుకగలదు గాని = దూకుట నిజమే గాని; ఊరిలో నాగదు = అడ్డము వచ్చిన ఆటోకు ముందుగా నిలువదు; ఆర్సిలోని సీసి = రిజిస్ట్రేషను పత్రమున వ్రాసిన ఇంజను పరిమాణము; అనృతమగును = అబద్ధమగును.

తాత్పర్యము: ఇంజను ఒక్కటి మార్చినవాడు బండిని సగమే మార్చినవాడగును.

టీక: ‘భారి’ యన్నచో ఎంత భారి యనునది ముందు తేలవలెను. సిలిండరు లోపలి అడ్డుకొలతకు బోరనియు, పిస్టను ఒక కొసనుండి మరియొక కొసకు నడచు దూరమునకు స్ట్రోకనియు పేర్లు. 350 బుల్లెట్టున బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. 500లో బోరు 84, స్ట్రోకు మాత్రము అదే 90. అనగా 346 సీసీలు 499 అగుట పిస్టను ఎక్కువ దూరము నడచుటచేత గాక, వెడల్పగుటచేతనే సంభవించినది. పదునాలుగు మిల్లీమీటర్లకే ఇంత ఫలమా యని శంకింపరాదు. వైశాల్యము అడ్డుకొలత వర్గమును బట్టి పెరుగును గనుక, 84ను 70తో భాగించి వర్గించినచో 1.44 వచ్చును, అనగా నూటికి 44 పాళ్ళ లాభము.

శక్తియు అదే పాలున పెరిగినదనుకొన్నను వేగము అంత పెరుగదు. గాలి అడ్డగింపును గెలుచుటకు వలసిన శక్తి వేగము యొక్క ఘనమును అనుసరించును గాన, చివరి వేగమున దక్కునది సుమారు 13 పాళ్ళే. అట్లని యజమాని మోసపోయినాడనరాదు; సిగ్నలు పచ్చపడినంతనే బండి ముందుకు దూకు గుణము, షెడ్డు పరిభాషలో పికప్పు, అతనికి నిండుగా లభించును, అతడు కోరినదియు నిజమునకు అదియే. అయితే ఆ 13 పాళ్ళ అదనపు వేగమును అణచునపుడు పాత డ్రమ్ము బ్రేకు మింగవలసిన వేడి, వేగము యొక్క వర్గమును బట్టి, 27 పాళ్ళకు పైగా పెరుగును. కవి ‘గాని’ యను రెండక్షరములలో ఇంత లెక్క ఇమిడ్చినాడు.

చైను ఇచ్చట ఉపలక్షణము, అనగా ఒకదానిని పేర్కొని దాని వర్గము నంతటిని సూచించుట. ముందు వెనుకల స్ప్రాకెట్లు, క్లచ్ ప్లేట్లు, గేరుబాక్సు, బ్రేకులు అన్నియు అందు చేరును. పెద్ద ఇంజను త్రిప్పుబలమునకు అరిగిన ప్లేట్లు జారును. గేరుబాక్సు వైపు స్ప్రాకెట్టుకు ఒకటి రెండు పళ్ళు పెంచనిచో ఇంజను అవసరము లేకున్నను ఎక్కువ చుట్లు తిరుగును. ‘బ్రేకు మాట మరచి’ యని పాఠాంతరము కలదు. అర్థమునకు అదియే మేలైనను, ‘బ్రే’కు ‘సా’తో యతి పొసగదు. యతి కొరకు బ్రేకును వదలుకొన్న కవిని నిందింపనక్కరలేదు, యజమానులు ఇంతకంటె చిన్న కారణములకే వదలుకొనుచున్నారు.

మూడవ పాదాంతమున ‘ఆగదు’, నాల్గవ పాదాదిని ‘ఆర్సి’ యుండగా సంధి జరుగకపోవుట దోషము కదా యన్నచో, బండి ఆగకున్నను పద్యమైన ఒకచోట ఆగవలెనని కవి హృదయమనుకొనవలెను. అలంకారము విషమము, పొసగని రెండింటిని ఒకచోట చేర్చుట దాని లక్షణము.

‘అనృత’ పదము అతిశయోక్తి కాదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదని మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షను అట్టి అనుమతి లేని మార్పునకు ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధించినది. ‘ఒక్కొక్క మార్పునకు’ అనుటచే, చైను మాట మరచినవాడే ఇచ్చట లాభపడునేమో యని ఒక చమత్కారము. ఇక రిజిస్ట్రేషను గడువు 15 సంవత్సరములు తీరి తనిఖీకి పోవలసిన నాటికి పాత ఇంజనును తిరిగి బిగింపవచ్చునని, దానిని గోనెసంచిలో చుట్టి మంచము క్రింద దాచు సంప్రదాయము కొందరియందు కలదు. మూలమున దీని ప్రస్తావన లేదు.