నేను, రెండో రకం కాఫీ సెట్టును

నేను పింగాణీ కాఫీ సెట్టును. కప్పులు, సాసర్లు, పాలగిన్నె, చక్కెర డబ్బా, కాఫీ కూజా కలిస్తే నేను. బట్టీలోంచి బయటికొచ్చాక నన్ను వెలుతురులో తిప్పి చూసిన చేతులకు కూజా మూతి దగ్గర సూది మొనంత మచ్చ కనిపించింది. అంతే, రెండో రకం సరుకులో చేరిపోయాను. తక్కువ ధరకు పోవలసిన నేను యూరప్ ఛాంపియన్లకు బహుమతినయ్యాను.

1989 జులై 2న ఓస్నాబ్రుక్‌లో పశ్చిమ జర్మనీ అమ్మాయిలు నార్వేను 4-1తో ఓడించి తొలిసారి యూరప్ కప్పు గెలిచారు. చూడటానికి 22,000 మంది వచ్చారు. అంతకుముందు సీగెన్‌లో ఇటలీతో సెమీఫైనల్ పెనాల్టీల దాకా వెళ్తే, గోల్‌కీపర్ మారియన్ ఇస్బర్ట్ మూడు కిక్కులు ఆపి, గెలిపించే కిక్కు కూడా తానే కొట్టింది. దేశమంతా దాన్ని టీవీలో ప్రత్యక్షంగా చూసింది. 1955 నుంచి 1970 దాకా తన క్లబ్బుల్లో ఆడవాళ్ళ ఆటను ఫుట్‌బాల్ సమాఖ్యే నిషేధించిన దేశం అది! అలాంటి చోట కప్పు గెలిచిన ఒక్కొక్కరికీ నాలాంటి సెట్టు ఒకటి దక్కింది. డబ్బు ఊసే లేదు.

ఆ జట్టులో ఇరవై ఏళ్ళ డోరిస్ ఫిట్షెన్ ఉంది. త్సేవెన్ అనే చిన్న ఊళ్ళో పుట్టిన పిల్ల. 1986లోనే జాతీయ జట్టులోకి వచ్చింది. తర్వాత లిబెరోగా ఎదిగింది. డిఫెన్స్‌లో మిగతావాళ్ళకు తలా ఒక ప్రత్యర్థి ఉంటుంది, లిబెరోకు ఉండదు. అందరి వెనకా నిలబడి, ముందున్నవాళ్ళను దాటి వచ్చే బంతి ఎటు పడుతుందో ముందే పసిగట్టి అక్కడుండాలి. తీసుకున్న బంతిని గాల్లోకి తన్ని వదిలేయకుండా, తల పైకెత్తి చూసి, దాడి మొదలయ్యేలా అందించాలి. ఈ పని బాగా జరిగిన రోజు చప్పట్లు గోల్ కొట్టినవాళ్ళకే పోతాయి. ఆటలో అన్నిటికన్నా తెలివి కావలసిన చోటు అదేనని నా నమ్మకం.

జాతీయ జట్టుకు ఆమె 144 మ్యాచ్‌లు ఆడింది, 16 గోల్స్ కూడా కొట్టింది. 1991, 1997, 2001ల్లో మరో మూడు యూరప్ కప్పులు. 1995 ప్రపంచకప్ ఫైనల్లో మాత్రం నార్వే జర్మనీని 2-0తో ఓడించి బదులు తీర్చుకుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం వచ్చింది. 2001లో అమెరికాలో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ మొదలైతే ఫిలడెల్ఫియా ఛార్జ్ జట్టుకు ఆడి, ఆ ఏటి ఉత్తమ డిఫెండర్ అయింది. ఆటకు జీతం, ఆటకు గౌరవం ఎలా ఉంటాయో అక్కడ చూసింది.

బూట్లు విప్పాక కూడా ఆమె పక్కకు తప్పుకోలేదు. 2009 నుంచి 2016 వరకు జాతీయ మహిళా జట్టు మేనేజర్‌గా ఉంది. స్పాన్సర్లను, ప్రేక్షకులను ఈ ఆట వైపు తిప్పే పని భుజానికెత్తుకుంది. 2022 యూరప్ కప్పు గెలిస్తే ఒక్కో క్రీడాకారిణికి 60,000 యూరోలు ఇస్తామన్నారు. వెంబ్లీలో ఫైనల్ ఓడారు, అది వేరే సంగతి. నా నుంచి ఆ అంకె దాకా నడిచిన దారిలో ఆమె చెమట చాలా ఉంది.

2025 మార్చిలో, 56 ఏళ్ళకే, ఆమె కన్నుమూసింది.

నాలాంటి సెట్టొకటి ఇప్పుడు డార్ట్‌మండ్‌లోని జర్మన్ ఫుట్‌బాల్ మ్యూజియంలో ఉంది. చూసినవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత తల విదిలిస్తారు. మీరెప్పుడైనా అటు వెళ్తే నా పువ్వులు చూసి అంతటితో ఆగకండి. నన్ను గెలుచుకున్న ఆ జట్టులో ఎవరెవరున్నారో అడిగి తెలుసుకోండి.