ఇరవయ్యారో కేజీ

బిల్లు అడుగున ‘ఈ రోజు మీరు ఆదా చేసింది’ అని ఒక అంకె వేస్తారు చూడండి, ఆ ఆలోచన ఎవడికి తట్టిందో గానీ ఒక్కసారి నాకు కనబడాలి. వారం రోజులుగా మా షడ్డకుడు మా సరుకుల బిల్లును వాట్సాప్‌లో పెట్టి, ఆ అంకె చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, "చూస్తివా నా, 1,140 మిగిలె!" అంటున్నాడు. మిగిలింది ఏ జేబులో ఉందయ్యా అంటే మాత్రం చెప్పడు. అదే బిల్లులో ఖర్చు 9,000 పైచిలుకు. దానికి సున్నా చుట్టలేదు.

ఆయనకు సూళ్లూరుపేటలో టిఫిన్ హోటల్ ఉంది, కాబట్టి ఆ బిల్లు వేసే టోకు దుకాణం కార్డుంది. నాకు శ్రీ సిటీ పారిశ్రామికవాడలో ఉద్యోగం తప్ప వేరే వ్యాపారం లేదు, కాబట్టి కార్డు లేదు. అమెరికాలో ఈ బాధ లేదు. అక్కడ కాస్ట్‌కోలో ఏడాదికి 65 డాలర్లు పడేస్తే ఎవరికైనా కార్డు ఇస్తారు. కంపెనీ లాభంలో సగం దాకా ఆ కార్డుల డబ్బేనట. అక్కడి నుంచి దిగే ప్రతి బంధువూ మనకు కాస్ట్‌కో వాళ్ల కిర్క్‌లాండ్ బాదంపప్పు తెచ్చిపెట్టేది ఆ 65 డాలర్లకు న్యాయం చెయ్యడానికే. మన దేశంలో టోకు వ్యాపారంలోకి విదేశీ పెట్టుబడిని నూటికి నూరు శాతం రానిచ్చారు గానీ, ఇళ్లకు చిల్లరగా అమ్ముకోమని అలా వదల్లేదు. అందుకే 2003లో బెంగళూరుకు మెట్రో వచ్చినా, 2009లో అమృత్‌సర్‌కు వాల్‌మార్ట్ వాళ్ల బెస్ట్ ప్రైస్ వచ్చినా కార్డులు వ్యాపారస్తులకే ఇచ్చారు. అక్కడ కార్డుకు డబ్బుండాలి, ఇక్కడ అంగడుండాలి. అంగడి లేనివాడికి అంగడి ఉన్న షడ్డకుడన్నా ఉండాలి. ఆ మెహర్బానీకి నేను కారూ, డీజిలూ, టోలూ పెట్టుకుంటాను. ఇవేవీ బిల్లులో రావు.

ఆ టోకు దుకాణానికి పోయేది చెన్నై వైపు, 50 కిలోమీటర్ల పైమాటే. కోల్గేట్ ఫ్యాక్టరీ శ్రీ సిటీలోనే ఉంది. క్యాడ్‌బరీ చాక్లెట్లు ఇక్కడే చేస్తారు, కెలాగ్స్ ఇక్కడే. మా ప్రహరీ పక్కన పుట్టిన బ్రషు లారీ ఎక్కి హైవే మీద పోతూ ఉంటే, ఆ లారీని హారన్ కొట్టి దాటుకుని పోయి, ఎక్కడో షెడ్డులో అదే బ్రషూ, ఆరు పేస్టు ట్యూబుల కట్టా కొని వెనక్కి తెస్తాం. ఆరు ట్యూబులున్నాయి గదా అని ఇంట్లో బ్రషు నిండా పిండుతారు. బిస్కెట్లూ అంతే. డజను ప్యాకెట్లు తెస్తే డజను రోజులు రావాలి గదా? రావు. ఒక్కటే ఉంటే దాచుకుని తినే పిల్లలు, డజను కనబడితే స్నేహితులను పిలుచుకొస్తారు.

ఇదంతా ఓర్చుకుంటాను. నా ప్రాణం తీస్తున్నది బియ్యం మూట. దాని మీద 26 కేజీలు అని ఉంటుంది. మనకు మూటంటే 25. స్టీలు డబ్బాలు చేసేవాళ్లు కూడా ఆ నమ్మకం మీదే చేశారు. ఈ ఎక్కువ కేజీ ఎక్కడి నుంచి వచ్చిందంటే, చండీగఢ్ నుంచి. 2022 జూన్ ఆఖర్లో అక్కడ జీఎస్టీ కౌన్సిల్ 47వ సమావేశం పెట్టుకుని, ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం 25 కేజీల వరకైతే 5 శాతం పన్ను అన్నారు. జూలై 18 నుంచి అమలు. 25 దాటిందా, పన్ను లేదు. మిల్లులవాళ్లు ధర్నాలు చేసినంతసేపు చేసి, తర్వాత మూటలో ఇంకో కేజీ పోసి మూతి కుట్టేశారు. మూట 1,500 అనుకోండి, తప్పిన పన్ను 75. ఎక్కువొచ్చిన కేజీకి మనం ఇచ్చింది 60. మిగిలింది 15 రూపాయలు, వంటింటి నేల మీద ఒక కేజీ బియ్యం.

డబ్బా నిండాక మూట అడుగున మిగిలే ఆ కేజీకి మా ఇంట్లో చిరునామా లేదు. మొదట ఇడ్లీ గిన్నెలో కాపురం. ఆదివారం ఇడ్లీ వెయ్యాలి కాబట్టి హార్లిక్స్ సీసాలోకి బదిలీ. సీసాలో ముప్పావే పట్టింది, పావు కేజీ గ్లాసులో నిలబడింది. కలశం కిందికి పనికొస్తుందని గ్లాసు పూజగదికి పోయింది. డబ్బాలో ఎండుమిరపకాయలు, వేపాకు వేసి కంటికి రెప్పలా కాచే మా ఆవిడ సీసా సంగతి మరిచిపోయింది. పురుగు మరిచిపోలేదు. దోసెలకు నానబోద్దామా అంటే, సోనా మసూరి దోసె పెనం వదిలిపెట్టి రాదు. పనికొచ్చే ఆమెను తీసుకుపొమ్మంటే, "మా ఇంట్లో రేషన్ బియ్యమే అట్లే ఉండాయి సార్, మీవి గూడానా?" అంది. మిద్దె మీద కాకులకు చల్లితే పావురాలొచ్చాయి. పావురాలొచ్చాయని కింది ఇంటివాళ్లొచ్చారు. వాళ్లకు సర్దిచెప్పి పంపేలోపు కొత్త మూట దిగింది, అందులో ఇంకో ఇరవయ్యారో కేజీ, అన్నను వెతుక్కుంటూ వచ్చిన తమ్ముడిలాగా. నెలకో మూట చొప్పున ఏడాదికి 12 కేజీలు. దగ్గర దగ్గర అర మూట. ఈ లెక్కంతా కాగితం మీద వేసి షడ్డకుడికి చూపించాను. ఆయన శ్రద్ధగా చూసి, "అంటే అర మూట ఊరికే వచ్చినట్టే గదా నా!" అన్నాడు.

మొన్న సాయంత్రం తడలో ఒక అంగడి ముందు నిలబడి ఉండగా షిఫ్టు బస్సు ఆగింది. సెల్‌ఫోన్ ఫ్యాక్టరీలో చేసే అమ్మాయిలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు, దిగారు. ఒకమ్మాయి పావు కేజీ చక్కెర, చిన్న కొబ్బరినూనె ప్యాకెట్టు, రెండు షాంపూ సాషేలు అడిగింది. షాంపూ ఒక్కదాంట్లో మాత్రం ఆ పిల్లదే గెలుపు. మిల్లీలీటరు లెక్కన చూస్తే చాలాసార్లు సీసా కంటే సాషేనే చవక. మిగతావాటన్నిటికీ నా కంటే ఆమే ఎక్కువ ఇస్తోంది. నా దగ్గర ఒకేసారి తొమ్మిది వేలున్నాయి, అయిదు లీటర్ల క్యాను పెట్టుకోను గూడు ఉంది, అందుకని నాకు తగ్గింపు. మంచం కింద పెట్టె తప్ప జాగా లేని పిల్లకు పూర్తి ధర. ఆ బిల్లు మీది 1,140ని నేను అప్పటిదాకా షడ్డకుడి గొప్పగానే చూశాను. చిల్లర లెక్కపెట్టుకుంటున్న ఆ పిల్ల చెయ్యి చూశాక దాని మీద జోకు వెయ్యబుద్ధి కాలేదు.

ఇంతకీ డబ్బు మిగులుతుందా అంటే, హోటలున్న షడ్డకుడికి మిగులుతుంది. అయిదు లీటర్ల నూనె ఆయనకు ఒక పూట బోండాలకు సరి. మెస్సు నడిపేవాళ్లకు, పెళ్లి పెట్టుకున్నవాళ్లకు మిగులుతుంది. నలుగురున్న ఇంటికి నూనె, సబ్బుల దగ్గర నాలుగు రూపాయలు కలిసొచ్చినా, అది డీజిలుకూ టోలుకూ పోతుంది.

తడ అంగడామెకూ ఆ కార్డుంది. సరుకు ఆమే తెస్తుంది, ఆమే మోస్తుంది, పురుగు పడితే ఆమే జల్లించుకుంటుంది. కేజీకి రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటే, అది ఆ చాకిరీకి కూలి అనుకోండి. పైగా మూట విప్పి విడిగా తూచి ఇచ్చే బియ్యానికి, ఒక్క కేజీ కొన్నా సరే, జీఎస్టీ లేదు.