మూడు పురుల ఫ్యూజుకు పేటెంటు ఇప్పించండి

చెన్నైలోని పేటెంటు ఆఫీసుకు మన ఊరు చల్లపల్లి తరఫున ఒక దరఖాస్తు పెట్టాలి. ఆవిష్కరణ పేరు కాలని ఫ్యూజు. పింగాణీ కట్‌అవుట్‌లో సన్న తీగ ఉండాల్సిన చోట, పాత వైరు చీల్చి తీసిన రాగి పోగుల్ని మూడు పురులు పెనవేసి బిగిస్తే సరి. ఏసీ, మోటారు, గ్రైండరు ఒక్కసారే ఆడతాయి. ముందు గోడలో వైరు కాలుతుంది, తర్వాత ఇల్లు కాలుతుంది, ఫ్యూజు మాత్రం చెక్కుచెదరదు. ఎడిసన్‌కు చేతనైందా ఇది?

భయమల్లా, కొత్తదనం లేదని కొట్టేస్తారేమోనని. 1803లో లండన్ దగ్గర గ్రీనిచ్‌లో ఈ పని ముందే చేసేశారు. నీళ్లు తోడే ఆవిరి ఇంజనుకు సేఫ్టీ వాల్వు లేవకుండా బిగించారు, చూసుకోవాల్సిన కుర్రాడు చేపలకు పోయాడు. బాయిలర్ పేలి నలుగురు చచ్చిపోయారు. ఇంజను రిచర్డ్ ట్రెవిథిక్‌ది. వెర్రిబాగులవాడు! అంతకు ముందేడే అధిక పీడన ఇంజనుకు పేటెంటు తీసుకున్న మనిషి, ఈ ప్రమాదం తర్వాత బాయిలర్‌కు పెట్టిన సీసపు బిరడాకు మాత్రం తీసుకోలేదు. నీళ్లు తగ్గి వేడెక్కితే సీసం కరుగుతుంది, ఆవిరి పొయ్యిలోకి దూకుతుంది. అందరూ వాడుకోండని ఊరికే ఇచ్చేశాడు. మన ఫ్యూజుకు ముత్తాత ఆ బిరడాయే.

ఆవిరంటే సర్కారుకు భయముంది, ఒప్పుకోవాలి. మన పక్కన లక్ష్మీపురం చక్కెర ఫ్యాక్టరీలో పిప్పి మండించాలన్నా 1923 నాటి బాయిలర్ల చట్టానికి తలొగ్గాల్సి వచ్చేది. ఇన్‌స్పెక్టరు చూడాలి, ఏడాదికి మించని సర్టిఫికెట్ ఇవ్వాలి, సేఫ్టీ వాల్వును పనిచేయకుండా చేసినవాడు జైలుకు పోవాలి. మరి ఫ్యూజును పనిచేయకుండా చేసినవాడో? మంచి పనిమంతుడని పక్కింటికి సిఫార్సు చేస్తాం.

1960ల్లో కాలిఫోర్నియా ప్రొఫెసరు చార్లెస్ డాల్జియల్ ఇంకో పేటెంటు తీసుకున్నాడు. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ లెక్క కుదరకపోతే, 5 మిల్లీఆంపియర్ల తేడాకే, రెప్పపాటులో సరఫరా తెంచేసే పరికరం. ఆ తగ్గింది మనిషి ఒంట్లోంచి పోతోందేమోనని ఆయన అనుమానం. పేటెంటు గడువు తీరి దశాబ్దాలైంది. మన షాపుల్లో ఇళ్లకు 30 మిల్లీఆంపియర్లది దొరుకుతుంది. గుమ్మానికి టేకు, మెట్లకు గ్రానైటు కొన్న చేత్తోనే దీన్నీ కొని, "మాటిమాటికీ ట్రిప్పవుతోందండీ" అని నెల తిరక్కుండా పీకిస్తాం. ఎక్కడో కరెంటు కారుతోంది గనకే ట్రిప్పవుతోందని చెప్పిన ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలవం. ఇక దివిసీమ చెరువుగట్ల మీద అర్ధరాత్రి తడి చేతుల్తో ఏరియేటర్ స్విచ్చి వేసే కుర్రాడికి ఎర్తింగు అంటే నేలలో పాతిన ఓ ఇనప చువ్వ. దానికీ పగలు గేదెను కట్టేస్తారు.

ప్రమాదం జరిగాక మాత్రం మన చురుకు చూడాలి. తెల్లారేసరికి సెంటర్లో సంతాప ఫ్లెక్సీ. దానికి లైట్లు. లైట్లకు కరెంటు, స్తంభానికి తగిలించిన కొక్కెం నుంచి.

లెక్కలంటే చల్లపల్లి పేరు ఢిల్లీదాకా తెలుసు. చల్లపల్లి షుగర్స్ కేసులో 1974లో సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చింది. ఉత్పత్తి మొదలవకముందు యంత్రాల కోసం తెచ్చిన అప్పు మీద కట్టిన వడ్డీ కూడా యంత్రం ఖరీదులో భాగమేనట. న్యాయమే. లైను ఆపించి స్తంభమెక్కిన మనిషిని, ఎవరింట్లోదో జనరేటరు కరెంటు వెనక్కి తన్ని కిందపడేస్తే, అతణ్ని ఏ యంత్రం ఖరీదులో కలపాలో ఆడిటరుగారిని అడిగాను. జనరేటరు బిల్లు ఉందా అన్నారు.