అల్లుడి కత్తి

గొప్పలు చెప్పుకోవడానికి అత్తవారింటిని మించిన చోటు లేదు. కాదనే అల్లుడుంటే చెయ్యెత్తమనండి.

ఆవకాయ రోజులు. నా దగ్గర కొత్తగా కొన్న తెల్లటి సిరామిక్ కత్తి. దాని మీద నేనిచ్చిన ఉపన్యాసం వింటే అమ్మినవాడే సిగ్గుపడేవాడు. “ఇది జిర్కోనియా మావయ్యగారూ! మోస్ కొలతలో వజ్రం గట్టిదనం 10 అయితే దీనిది సుమారు 8.5. ఉక్కు దీని దరిదాపులకు రాదు. తుప్పు పట్టదు, పులుపు అంటదు” అన్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అదే నా కొంప ముంచింది. మావయ్యగారు మొహమాటానికి తల ఊపారు. నేను పొంగిపోయి, “ఆ కత్తిపీట లోపల పెట్టేయండి, కాయలు నేను కొడతాను” అనేశాను.

“టెంక ముదిరింది బాబూ” అన్నారు అత్తగారు. వింటే నేను అల్లుణ్ణెందుకవుతాను?

కాయ పెట్టాను, కత్తి ఆనించాను, పైనుంచి అరచేత్తో ఒక్కటిచ్చాను, టెంకలో ఇరుక్కుంది, ఊడబెరుకుదామని పక్కకి మెలితిప్పాను, టక్కుమంది. పిడి నా చేతిలో, సగం కత్తి టెంకలో, అంచు పలుకేమో కోసిన ముక్కల్లో ఎక్కడో! కంగారులో అయస్కాంతం తెమ్మని బావమరిదిని కేకేశాను. జిర్కోనియాకి అయస్కాంతం! ఇంటర్ చదివే కుర్రాడు గోడ పట్టుకుని నవ్వాడు. ముక్కలన్నీ పారబోశారు.

గట్టిదనం వేరు, దెబ్బ ఓర్చుకోవడం వేరు. లోహంలో పరమాణువుల వరసలు కాస్త జరుగుతాయి కాబట్టి వంగి ఊరుకుంటుంది. సిరామిక్‌లో ఆ వరసల మధ్య బంధాలు బిగుసుకుని ఉంటాయి, జరగవు. నొక్కితే బోలెడు బరువు మోస్తుంది గానీ, వంచితే కంటికి కనపడని బీట ఒకటి క్షణంలో ఆ చివరికి పాకుతుంది. నా పరువూ ఆ వేళ అదే పద్ధతిలో పోయింది.

అంతసేపూ పక్కనే అత్తగారి జాడీ ఉంది. అదీ సిరామిక్కే. బట్టీలో కాలిన మట్టి, పైన గాజులాంటి పూత. ఉప్పూ పులుపూ ఏడాది పొడుగునా నానినా దానికి చీమ కుట్టినట్టుండదు. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ ఉపన్యాసమివ్వలేదు.

మీరూ కొంటారు, నాకు తెలుసు. కొనండి. ఉల్లిపాయలకీ టమాటాలకీ భేషైన కత్తి. టెంకల జోలికీ ఎముకల జోలికీ పోకండి, పక్కకి మెలితిప్పకండి. మొండిబారితే ఇంట్లో సానరాయి దాని మీద పనిచెయ్యదు, వజ్రపు పొడి అద్దిన సాన కావాలి.