ఏరు దాటి తెప్ప తగలేసే శాస్త్రం

ఏరు దాటి తెప్ప తగలేసినవాణ్ణి మా రాజమండ్రిలో కృతఘ్నుడంటారు. శ్రీహరికోటలో శాస్త్రవేత్త అంటారు.

అక్కడ తెప్పంటే రాకెట్టు. కోట్లు పోసి కట్టి, ఓ ఇరవై నిమిషాలు వాడి, అంచెలంచెలుగా సముద్రంలో పారబోసి, చప్పట్లు కొట్టి, మర్నాటి నుంచి కొత్తది కట్టడం మొదలెడతాం. ఒకప్పుడు దాదాపు అందరూ ఇదే పని చేశారు గనక ఎవరికీ తప్పనిపించలేదు. మనం మాత్రం దీనికి పొదుపని పేరు కూడా పెట్టుకున్నాం. హాలీవుడ్ సినిమా ఖర్చులోపే అంగారకుణ్ణి అందుకున్నామని 2014 నుంచి చెప్పుకుంటున్నాం. నిజమే, అందుకున్నాం. విస్తరాకు చవగ్గా కుట్టడంలో మనల్ని కొట్టేవాడు లేడు. ఈలోగా అవతలివాడు కంచం కొనుక్కున్నాడు.

కోటిపల్లి రేవులో పంటు నడిపే మనిషికి ఈ సంగతి చెప్పాను. ముక్తేశ్వరం నుంచి వచ్చిన పంటు మీంచి మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, ఓ పెళ్ళివారి గుంపు దిగుతుంటే, వాళ్ళు దిగకుండానే ఇవతలివాళ్ళు ఎక్కేస్తున్నారు. ఆయన బీడీ ఆర్పి, “ఆయ్, ఒక్కసారి దాటించి పంటు తగలెట్టేత్తే మళ్ళీ ట్రిప్పుకి దేన్నేత్తారండీ?” అన్నాడు. అంతరిక్ష వాణిజ్యం మీద ఇంతకన్నా మంచి ప్రశ్న నేను ఏ సెమినార్లోనూ వినలేదు.

2015 జులైలో మనం గోదాట్లో పుష్కర స్నానాలు చేశాం. అదే ఏడాది డిసెంబరు 21న అమెరికాలో ఎలాన్ మస్క్ గారి ఫాల్కన్-9 రాకెట్టు మొదటి అంచె పైకెళ్ళి, వెనక్కి తిరిగి, ఇంజన్ మళ్ళీ వెలిగించుకుని, నాలుగు కాళ్ళు చాపి ఫ్లోరిడా నేలమీద నిలబడింది. ఆ తర్వాత నడిసముద్రంలో బల్లకట్టు వేసి దానిమీద కూడా దించారు. 2017లో ఒకసారి వాడినదాన్నే మళ్ళీ ఎగరేశారు. ఇప్పుడు ముప్ఫైసార్లు ఎగిరిన అంచె కూడా ఉంది. 2024లో వాళ్ళ ప్రయోగాలు 130 దాటాయి. మనవి ఐదు.

మనమూ చేతులు ముడుచుకు కూర్చోలేదు లెండి. 2016 మేలో రెక్కలున్న నమూనా ఒకటి 65 కిలోమీటర్ల ఎత్తుకెళ్ళి బంగాళాఖాతంలో పడింది. 2023లో ఒకసారి, 2024లో రెండుసార్లు అలాంటి నమూనానే చిత్రదుర్గ దగ్గర హెలికాప్టర్‌కు తగిలించి పైనుంచి వదిలితే బుద్ధిగా రన్‌వే మీద దిగింది. పేరు పుష్పక్. పురాణంలో పుష్పకం ఎంతమందినైనా మోసేది. దీన్నే ఇంకొకరు మోయాలి.

2024 సెప్టెంబరులో కేంద్రం 8,240 కోట్లతో, మొదటి అంచె తిరిగొచ్చే కొత్త రాకెట్టుకు అనుమతిచ్చింది. గడువు 96 నెలలు. 2027 పుష్కరాలు వచ్చి వెళ్ళిపోయాక కూడా ఐదేళ్ళు ఒడ్డున కూర్చోవాలి.

కూర్చునే ఓపిక మన ఉపగ్రహాలకే లేదు. అనుమతొచ్చిన రెండు నెలలకే 4,700 కిలోల మన జీశాట్-ఎన్2 అమెరికా వెళ్ళి ఫాల్కన్ ఎక్కింది. అది వెళ్ళాల్సిన కక్ష్య దారిలో అప్పటికి మన పెద్ద రాకెట్టు ఎల్‌వీఎం-3 మోసేది నాలుగు టన్నులేనాయె. రేవులో పెద్ద పంటు ఒక్కటే ఉంటే బేరమాడేదెవడు? అలాగని మన రేవుకు ఎవరూ రారనుకోకండి. 2022లో రష్యా పంటు ఆగిపోయి వన్‌వెబ్ ఉపగ్రహాల కంపెనీ వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ట్రిప్పుకు 36 చొప్పున రెండు ట్రిప్పుల్లో 72 ఉపగ్రహాలు దాటించాం. పక్కరేవులో గొడవైతేగానీ మన రేవు ఎవరికీ గుర్తు రాదన్నమాట.

మొన్న మళ్ళీ కోటిపల్లి వెళ్ళినప్పుడు, తగలెట్టక్కర్లేని పంటు మనమూ కడుతున్నామని చెప్పాను. సంతోషిస్తాడనుకున్నా.

“బానే ఉందండీ. ఏడాదికెన్ని ట్రిప్పులండీ?”

“ఐదు.”

ఆయన కాసేపు నీళ్ళకేసి చూసి అన్నాడు: “అయితే తగలెట్టే పన్లేదండీ. తుప్పే తినేత్తాది.”